ఇంకు పెన్ను సంరక్షణ: కుదిరిన మాటలు, తెగని తగువులు

ఇంకు పెన్నును ఎలా కడగాలి, ఎలా దాచాలి అని నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. నెల తిరక్కుండా కడగాలని ఒకరు, ఇంకు రంగు మార్చేదాకా ముట్టుకోవద్దని మరొకరు అంటారు. అమ్మోనియా కలిపిన నీళ్లకు మించింది లేదని ఒకరంటే, అది పెన్నును తినేస్తుందని ఇంకొకరు వారిస్తారు. పాళీ పైకి పెట్టి దాచమనేవాళ్లున్నారు, పెన్నును పడుకోబెట్టమనేవాళ్లూ ఉన్నారు. ఈ సలహాలు చాలావరకు అనుభవంలోంచి పుట్టినవే. ఒక రకం పెన్నుకు, ఒక రకం ఇంకుకు పనికొచ్చిన మాట అన్ని పెన్నులకూ సూత్రమై కూర్చోవడం వల్లే చిక్కు వచ్చింది. ఏ మాట ఏ పెన్నుకు వర్తిస్తుందో విడదీసి చూస్తే చాలా తగువులు వాటంతటవే తేలిపోతాయి. కొన్ని మాత్రం నిజంగానే మిగులుతాయి. ఆ రెండింటినీ వేరు చేయడమే ఈ సమీక్ష ఉద్దేశం.

## చర్చ పెరిగిన తీరు

1884లో అమెరికాలో లూయిస్ వాటర్‌మన్ తన పెన్నుకు పేటెంటు పొందాడు. పాళీ కింద ఉండే ఫీడ్‌లో సన్నని గాళ్లు కోసి, ఇంకు కిందికి దిగడానికీ గాలి పైకి వెళ్లడానికీ దారి కల్పించడం అందులోని కీలకం. ఆ తరం పెన్నులు ఎక్కువగా ఎబొనైట్ అనే గట్టిపరిచిన రబ్బరుతో చేసినవి. మరలు తిప్పి విప్పి, ఫిల్లర్‌తో నేరుగా గొట్టంలోకే ఇంకు పోసేవారు. అలాంటి పెన్నును కడగడంలో వివాదానికి తావే లేదు. విప్పితే లోపలంతా కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది.

తర్వాత పెన్ను లోపలి భాగం మూసుకుపోయింది. రబ్బరు తిత్తిని మీటతో నొక్కి ఇంకు పీల్చే పెన్నులు వచ్చాయి. 1929లో పెలికాన్ కంపెనీ పిస్టన్ పెన్నును తెచ్చింది. ఇంకు ఎక్కడ పేరుకుందో చూడ్డానికి వీలు లేని ఈ పెన్నులతోనే సంరక్షణ అనేది ఒక ప్రశ్నగా మొదలైంది. 1931లో పార్కర్ కంపెనీ క్వింక్ అనే ఇంకును విడుదల చేసింది. అందులో కలిపిన సాల్వ్-ఎక్స్ అనే పదార్థం రాస్తూ ఉండగానే పెన్నును శుభ్రం చేస్తుందని ప్రచారం చేసింది. అదే కంపెనీ 1947లో తెచ్చిన సూపర్‌క్రోమ్ ఇంకు ఇందుకు పూర్తిగా ఎదురు తిరిగింది. మంచి రంగులతో త్వరగా ఆరే ఆ ఇంకులో క్షార గుణం ఎక్కువ కావడంతో కొన్ని పెన్నుల లోపలి భాగాలు దెబ్బతిన్నాయి. ఇంకు అనేది పెన్నుకు మేలు చేయగలదు, కీడూ చేయగలదు అన్న సంగతి అప్పటికే తేటతెల్లమైంది.

తెలుగు నేలకు ఈ చరిత్రలో సొంత అధ్యాయం ఉంది. స్వదేశీ పెన్ను తయారు చేయాలన్న పట్టుదలతో కె.వి.రత్నం రాజమండ్రిలో 1932లో పెన్నుల పని మొదలుపెట్టారు. ఆయన పంపిన పెన్నును వాడి చూసిన గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ లేఖ రాశారు. రత్నం పెన్నులు, ఆ ఊళ్లోనే తయారైన గైడర్ పెన్నులు ఎబొనైట్ పెన్నులకు పేరు మోశాయి. విదేశీ పుస్తకాల్లో, కరపత్రాల్లో కనిపించే సలహాల్లో ఎక్కువ భాగం కార్ట్రిజ్, కన్వర్టర్ పెట్టే ప్లాస్టిక్ పెన్నులకు రాసినవి. మన ఇళ్లలో తాతల నాటి నుంచి వస్తున్నవి ఎక్కువగా ఫిల్లర్‌తో నింపే పెన్నులు. ఆ సలహాలను ఉన్నవి ఉన్నట్టు దించుకోవడంతో మన దగ్గర అయోమయం రెట్టింపైంది.

మరో పెద్ద మార్పు వాడకంలో వచ్చింది. బాల్‌పెన్నుకు ముందు కాలంలో మనిషికి ఒక పెన్ను ఉండేది, అది రోజూ రాసేది. బ్రిల్, కామ్లిన్, చెల్‌పార్క్, సులేఖ లాంటి సాదా ఇంకులే అందులో పోసేవారు. ఇప్పుడు ఇష్టంగా ఇంకు పెన్ను వాడేవాళ్ల దగ్గర పది, ఇరవై పెన్నులు ఉంటున్నాయి. వాటిలో సగం ఇంకు పోసి పక్కన పెట్టినవే. పైగా ఇంకుల రకాలు పెరిగాయి. రోజూ రాసే ఒక్క పెన్నును ఉద్దేశించి పెద్దలు చెప్పిన మాటను డ్రాయరులో రెండు నెలలు పడి ఉన్న పెన్నుకు వర్తింపజేస్తే ఫలితం బాగుండదు. నేటి వివాదాల్లో చాలావాటికి ఇదే మూలం.

## పెన్ను ఎందుకు మొరాయిస్తుంది

పాళీ చీలిక, ఫీడ్ గాళ్లు వెంట్రుకంత సన్ననివి. ఇరుకు సందుల్లో ద్రవం తనంతట తాను పాకే గుణం వల్లే ఇంకు కాగితం దాకా వస్తుంది. వచ్చిన ఇంకుకు సరిపడా గాలి లోపలికి వెళ్లాలి. ఇంకులోని నీరు ఆవిరై రంగు మిగిలినా, కాగితం నార చీలికలో ఇరుక్కున్నా, గాలి దారి మూసుకుపోయినా పెన్ను ఆగిపోతుంది. గాలి మరీ ఎక్కువగా వెళ్లినా, లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించినా పెన్ను కక్కుతుంది. సంరక్షణ అని మనం చేసే పనులన్నీ చివరికి ఈ దారులను తెరిచి ఉంచడానికే.

ఫిల్లర్‌తో నింపే పెన్నులు కక్కడం వెనక చిన్న లెక్క ఉంది. గొట్టంలో 2 మిల్లీలీటర్ల గాలి ఉందనుకుందాం. చేతి వేడికి అది 25 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకు చేరితే దాని పరిమాణం సుమారు 0.07 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఒక ఇంకు చుక్క పరిమాణం ఇంచుమించు 0.05 మిల్లీలీటర్లు. పెరిగిన గాలి ఇంకును తోస్తే, ఫీడ్ పట్టి ఉంచగలిగినంత మేరకు ఉంచి మిగిలింది కాగితం మీద పడేస్తుంది. సగానికి పైగా ఖాళీ అయిన పెన్ను ఎక్కువగా కక్కడానికి కారణం ఇదే. సగం అయ్యేసరికి మళ్లీ నింపుకోవాలన్న పాత అలవాటు శాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది.

## ఎన్నాళ్లకోసారి కడగాలి: మూడు వాదాలు

మొదటిది క్యాలెండరు వాదం. రాసినా రాయకపోయినా నెలకోసారి, కనీసం మూడు నెలలకోసారి కడగాలంటుంది. పెన్ను మొరాయించకముందే జాగ్రత్త పడటం, గుర్తు పెట్టుకోవడం తేలిక కావడం దీని బలాలు. రోజూ ఒకే ఇంకుతో రాసే పెన్నుకు ఇది చాలాసార్లు అనవసర శ్రమ. విప్పి బిగించిన ప్రతిసారీ మరలు అరుగుతాయి.

రెండోది వాడకం వాదం. రోజూ రాసే పెన్నులో కొత్త ఇంకు ప్రవహిస్తూనే ఉంటుంది కాబట్టి అదే కడుగుతుంది, ఇంకు మార్చినప్పుడు కడిగితే చాలంటుంది. సాదా రంగు ఇంకులు వాడే నిత్య లేఖకులకు ఇది నప్పుతుంది. పెన్నును వారాల తరబడి పక్కన పెట్టినప్పుడు మాత్రం ఈ వాదం కూలిపోతుంది.

మూడోది లక్షణాల వాదం. ఇంకు పలచగా దిగడం, మొదటి అక్షరం పడకపోవడం, రంగు మామూలుకన్నా ముదరడం లాంటివి కనిపిస్తే కడగాలంటుంది. చేయి తిరిగిన వాడుకరులు ఎక్కువగా ఈ పద్ధతిలోనే నడుస్తారు. ఇందులో ప్రమాదం ఒక్కటే. సన్నని రంగు కణాలుండే పిగ్మెంట్ ఇంకులు, ఇనుము కలిసిన ఐరన్ గాల్ ఇంకులు లక్షణం కనిపించేసరికే గట్టిపడి ఉంటాయి.

ఇంకును బట్టి చూస్తే ఈ మూడూ ఒకదాన్నొకటి కాదనవు. సాదా ఇంకుకు రెండో వాదం, పిగ్మెంట్, ఐరన్ గాల్ ఇంకులకు మొదటిది, పెన్ను స్వభావం తెలిసినవాళ్లకు మూడోది సరిపోతాయి. పెన్ను పది పదిహేను రోజులకు మించి ఊరికే ఉండబోతోందని తెలిస్తే ఇంకు తీసేసి కడిగి ఆరబెట్టాలన్న విషయంలో మూడు వర్గాలూ దాదాపుగా ఏకీభవిస్తాయి.

## దేనితో కడగాలి

నీళ్లే మొదటి మందు. ఇందులో భిన్నాభిప్రాయం లేదు. ఏ నీళ్లు అన్నదగ్గరే మాటలు వేరవుతాయి. బోరు నీళ్లలో కాల్షియం లవణాలు ఎక్కువ. అవి ఆరినచోట తెల్లని పొర మిగులుతుంది. కుళాయి నీళ్లతో ఎంత కడిగినా, చివరి రెండు కడుగులకు డిస్టిల్డ్ వాటర్ వాడాలని ఒక వర్గం పట్టుబడుతుంది. బ్యాటరీల్లో పోసే ఆ నీళ్లు పెట్రోలు బంకుల్లోనూ దొరుకుతాయి. ఫీడ్‌లో మిగిలే తడి ఎంత కొంచెమంటే దానిలోని లవణం లెక్కలోకి రాదని రెండో వర్గం వాదిస్తుంది. నదీ జలాలు వచ్చే ఊళ్లలో రెండో మాట, కఠిన జలం ఉన్నచోట మొదటి మాట ఎక్కువ సబబుగా తోస్తాయి.

వేడి నీళ్ల సంగతిలో తగువు మరింత ముదిరింది. ఎబొనైట్ ఫీడ్‌ను పాళీకి అంటుకునేలా సర్దడానికి పనివాళ్లు దాన్ని మరిగే నీళ్లలో కాసేపు ఉంచి నొక్కుతారు. అది మరమ్మతు, తెలిసి చేసే పని. కడగడానికి అదే వేడి వాడితే ఫీడ్ వంగుతుంది, నల్లటి ఎబొనైట్ గోధుమ రంగుకు తిరుగుతుంది. కడగడానికి గది ఉష్ణోగ్రతలోని నీళ్లు చాలు.

నీళ్లకు లొంగని మరకకు గ్లాసుడు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలపడం రెండో మెట్టు. తర్వాత సబ్బు జాడ పోయేదాకా కడగాలి. సబ్బు మిగిలితే ఇంకు పల్చబడి కాగితంలో ఈకల్లా పాకుతుంది.

మూడో మెట్టు అమ్మోనియా. ఒక వంతు ఇంటి వాడకపు అమ్మోనియాకు పది వంతుల నీళ్లు అన్నది అందరూ చెప్పే పాళ్లు. ఎండిన సాదా ఇంకును ఇది బాగా కరిగిస్తుంది. అందుకే దీన్ని సర్వరోగ నివారిణిగా చెప్పుకుంటూ వచ్చారు. అయితే ఇత్తడి, రాగి, అల్యూమినియం భాగాలున్న పెన్నులకు ఇది చేటు. ఐరన్ గాల్ ఇంకు విషయంలోనైతే పని తలకిందులవుతుంది. ఆ ఇంకులో ఇనుము ఆమ్లంలో కరిగి ఉంటుంది. క్షార గుణం తగిలితే ఆ ఇనుము విడివడి గట్టిగా పేరుకుంటుంది. దానికి విటమిన్ సి పొడి కొద్దిగా కలిపిన నీళ్లు సరైన మందు. గట్టిపడిన ఇనుప సమ్మేళనాన్ని అది మళ్లీ కరిగే రూపంలోకి తెస్తుంది. అమ్మోనియా మంచిదా చెడ్డదా అన్న పాత తగువు ఇక్కడ తేలిపోతుంది. లోపలున్నది ఏ ఇంకో తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు.

బ్లీచింగ్ ద్రావణం చివరి మెట్టు. నూడ్లర్స్ కంపెనీ బేస్టేట్ బ్లూ లాంటి మొండి మరకల ఇంకుకు దాని తయారీదారే బాగా పల్చన చేసిన బ్లీచ్‌ను సూచిస్తాడు. మిగతా సందర్భాల్లో అది వద్దు, స్టీలు పాళీని తినేస్తుంది. బ్లీచ్‌కు అమ్మోనియా తగిలినా, ఆమ్లం తగిలినా విషవాయువు పుడుతుంది. బ్లీచ్‌తో ఈ రెంటిలో ఏదీ ఎన్నడూ కలవకూడదు. స్పిరిట్, నెయిల్ పాలిష్ రిమూవర్ వాడకూడదన్నదీ తిరుగులేని మాటే. స్పిరిట్ లక్కను కరిగిస్తుంది, యాక్రిలిక్‌లో పగుళ్లు తెస్తుంది. సెల్యులాయిడ్‌కు రెండూ శత్రువులే.

అల్ట్రాసోనిక్ యంత్రాల మీద అభిప్రాయాలు నిలువునా చీలాయి. విడదీసిన పాళీకి, ఫీడ్‌కు ఒకటి రెండు నిమిషాల పాటు వాడితే చేత్తో అందని మురికి వస్తుందని మరమ్మతుదారులు మెచ్చుకుంటారు. పూత పూసిన పాళీలకు, లక్క పని ఉన్న గొట్టాలకు, రబ్బరు తిత్తి లోపలే ఉన్న పెన్నులకు వద్దని వాళ్లే హెచ్చరిస్తారు. ఇంట్లో సాధారణ వాడకానికి అది అవసరమని గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ.

## దగ్గరగా చూస్తే: ఒక ఎబొనైట్ పెన్ను కడిగే తీరు

సూత్రాలకన్నా చేతి పని ఎక్కువ చెబుతుంది. ముందుగా పాళీ ఉన్న భాగాన్ని గొట్టం నుంచి మరలు తిప్పి విప్పాలి. మిగిలిన ఇంకును సీసాలోకి తిరిగి పోయకూడదు. పెన్నులో చేరిన నూనె, దుమ్ము, బూజు విత్తులు సీసా మొత్తాన్ని పాడుచేస్తాయి. గొట్టాన్ని నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి బోర్లించాలి. మందుల షాపులో దొరికే చెవి కడిగే రబ్బరు బుడ్డి మూతిని పాళీ భాగం వెనక వైపు ఆనించి నీళ్లు నెమ్మదిగా నొక్కాలి. మొదట చిక్కని నీలం, తర్వాత లేత నీలం, చివరికి తేట నీళ్లు వస్తాయి.

తేట నీళ్లు వచ్చాయంటే పని అయిపోయినట్టు కాదు. పాళీ కిందికి ఉండేలా మడత పెట్టిన టిష్యూ కాగితం మీద రాత్రంతా నిలబెట్టాలి. ఫీడ్ సందుల్లో దాగిన ఇంకును కాగితం లాగేస్తుంది. తెల్లారి టిష్యూ మీద నీలం మరక కనిపిస్తే ఇంకో దఫా కడగాలి. మరక లేకుండా తడి ఆరిందంటే శుభ్రమైనట్టు. నింపే ముందు మరలను పొడిగా తుడిచి, సిలికాన్ గ్రీజును పలచగా రాయాలి. పూర్వం మైనం రాసేవారు, కొందరు ఇప్పటికీ వాజలైన్ రాస్తారు. పెట్రోలియం జెల్లీ సహజ రబ్బరు తిత్తిని, వలయాన్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది. రబ్బరు భాగమేదీ లేని పెన్నుకు దానివల్ల వచ్చే ముప్పు తక్కువే అయినా, సిలికాన్ దొరుకుతుండగా ఆ పందెం కాయాల్సిన పని లేదు.

## విప్పాలా, వద్దా

పాళీ, ఫీడ్ బయటికి లాగి కడిగితేనే పూర్తి శుభ్రత అని ఒక వర్గం నమ్ముతుంది. రాజమండ్రి తరహా పెన్నుల్లో పాళీ, ఫీడ్ బిగువుగా దూర్చి ఉంటాయి కాబట్టి పట్టుతో లాగితే వస్తాయి. లామీ సఫారీ లాంటి వాటిలో పాళీ ఒక్కటే జారి వచ్చేలా అమరిక ఉంది. పెలికాన్ పిస్టన్ పెన్నుల్లో పాళీ భాగం మొత్తం మర తిప్పితే ఊడుతుంది. మాటిమాటికీ లాగితే పట్టు వదులై పాళీ కదులుతుందని, వరస తప్పితే ఇంకు దిగడం దెబ్బతింటుందని రెండో వర్గం అంటుంది. విప్పిన పెన్నుకు వారంటీ చెల్లదని చెప్పే తయారీదారులూ ఉన్నారు.

ఇక్కడ పెన్ను వయసును బట్టి తీర్పు మారుతుంది. పాత పెన్నులో ఎబొనైట్ పెళుసెక్కి ఉంటుంది, ఎండిన ఇంకు జిగురులా పట్టేసి ఉంటుంది. నానబెట్టకుండా లాగితే విరుగుతుంది. కొత్త పెన్నులో నానబెట్టి బుడ్డితో నీళ్లు నొక్కితే చాలావరకు పని జరుగుతుంది. రంగు మార్పు కోసం విప్పడం వద్దు, మొరాయింపు నీళ్లకు లొంగనప్పుడు విప్పవచ్చు అన్నది ఎక్కువ మందికి ఆమోదమైన మధ్యేమార్గం.

నానబెట్టడానికీ హద్దుంది. పాలలోని ప్రోటీనుతో చేసే కేసిన్ పెన్నులు 1920లు, 30లలో బ్రిటన్‌లో ఎక్కువగా వచ్చాయి. నీళ్లు తగిలితే అవి ఉబ్బి పగులుతాయి. ఎబొనైట్ గొట్టాన్ని గంటల తరబడి నీళ్లలో ఉంచితే మెరుపు పోయి రంగు వెలుస్తుంది. నానాల్సింది పాళీ, ఫీడ్ ఉన్న కొస మాత్రమే.

## ఇంకుల మీద వాదం

స్వచ్ఛతావాదుల లెక్కలో నీళ్లలో పూర్తిగా కరిగే సాదా రంగు ఇంకులు తప్ప మిగతావన్నీ పెన్నుకు శత్రువులే. ఐరన్ గాల్ ఇంకులోని ఆమ్లం స్టీలు పాళీని, బంగారు పూతను కొరుకుతుందని, పిగ్మెంట్ కణాలు ఫీడ్‌ను పూడుస్తాయని వాళ్ల వాదన. పత్రాలు చెరిగిపోకుండా ఉండాలనుకునే రెండో వర్గం మాట వేరు. బ్రిటన్‌లో జనన మరణాల రిజిస్టర్లకు ఐరన్ గాల్ ఇంకు వాడుతూ వచ్చారు. పెన్నుల కోసం చేసే నేటి ఐరన్ గాల్ ఇంకుల్లో ఇనుము పాలు తక్కువ. ప్లాటినమ్ కార్బన్ బ్లాక్, సెయిలర్ కివాగురో లాంటి జపాన్ పిగ్మెంట్ ఇంకుల్లో కణాలు చాలా సన్ననివి. రోజూ రాసే పెన్నులో, మూత బాగా బిగిసే పెన్నులో వీటిని వాడేవాళ్లు ఎందరో ఉన్నారు.

రెండు వర్గాలూ ఒప్పుకునే మాటలు కొన్ని ఉన్నాయి. లక్క కలిసిన ఇండియన్ ఇంకు, డ్రాయింగ్ ఇంకు ఫౌంటెన్ పెన్నులో ఎన్నడూ పోయకూడదు. ఒక కంపెనీ ఇంకును మరో కంపెనీ ఇంకుతో పెన్నులోనే కలపకూడదు. ఆమ్ల గుణం ఉన్నదీ క్షార గుణం ఉన్నదీ కలిస్తే మడ్డి దిగుతుంది. ఇంకు మార్చేటప్పుడు నీళ్లు తేటపడేదాకా కడగాలన్న నియమం వెనక కారణం ఇదే.

## నిలవ: నిలబెట్టాలా, పడుకోబెట్టాలా

ఇంకు ఉన్న పెన్నును పాళీ పైకి ఉంచితే ఇంకు వెనక్కి జారి కక్కదు. జేబుకు, ప్రయాణానికి ఇదే సరి. అలాగే రోజుల తరబడి ఉంచితే ఫీడ్ ఎండి, మొదటి గీతలో ఇంకు దిగదు. పడుకోబెడితే ఫీడ్ తడిగా ఉండి వెంటనే రాస్తుంది. బల్ల మీద రాత్రి పూట ఉంచడానికి ఇది నయం. పాళీ కిందికి పెడితే ఇంకు మూతలో చేరే ప్రమాదం ఉంది. నాలుగు రోజుల్లో మళ్లీ వాడబోయే పెన్నుకు పాళీ పైకి పెట్టినా, పడుకోబెట్టినా నడుస్తుంది. అంతకు మించితే దిశకన్నా మూత బిగువే ముఖ్యం. ప్లాటినమ్ కంపెనీ 2011లో 3776 సెంచరీ పెన్నుతో స్ప్రింగుతో మూసుకునే లోపలి మూతను తెచ్చింది. రెండేళ్లు వాడకపోయినా ఇంకు ఎండదన్నది ఆ కంపెనీ ప్రకటన. ఆవిరి పోయే దారి మూస్తే సగం సంరక్షణ జరిగినట్టేనని ఆ అమరిక చూపించింది.

విమాన ప్రయాణం విషయంలో అమెరికాలో, గల్ఫ్‌లో ఉండే తెలుగువారికి పనికొచ్చే మాట ఒకటి ఉంది. విమానం లోపలి గాలి పీడనం సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో ఉండేంతే ఉంటుంది. పెన్నులో బంధించిన గాలి వ్యాకోచించి ఇంకును తోస్తుంది. పెన్నును పూర్తిగా నింపాలి, లేదా పూర్తిగా ఖాళీ చేయాలి. విమానం పైకి లేచేటప్పుడు పాళీ పైకి ఉండాలి.

దీర్ఘకాలపు నిలవకు పెన్ను పదార్థాన్ని బట్టి జాగ్రత్త మారుతుంది. ఎబొనైట్ అంటే గంధకంతో గట్టిపరిచిన రబ్బరు. వెలుతురు, తేమ కలిసి తగిలితే పైపొరలోని గంధకం మారి నలుపు గోధుమరంగు అవుతుంది. అదే గంధకం పక్కనున్న వెండి వస్తువులను నల్లబరుస్తుంది. కిటికీ పక్కన గాజు పెట్టెలో ఎబొనైట్ పెన్నులను అలంకరించడం వాటికి చేటు. పాత సెల్యులాయిడ్ పెన్నులకు గాలి ఆడాలి. గాలి చొరని ప్లాస్టిక్ కవరులో బిగిస్తే వాటినుంచి వెలువడే ఆవిరే వాటిని కుళ్లబెడుతుంది. రెండింటికీ చీకటి, చల్లదనం మంచివి.

వాతావరణమూ లెక్కలోకి వస్తుంది. తెలంగాణ ఎండల్లో నీరు ఆవిరై ఇంకు చిక్కబడుతుంది. కోస్తాలో వానాకాలపు ఉక్కలో సీసాలోకి బూజు చేరుతుంది. సీసా మూత మీద తెల్లటి పోగులు, ఇంకు మీద తెట్టె కనిపిస్తే ఆ సీసాను పారబోయాలి, ఆ ఇంకు తాగిన పెన్నులన్నిటినీ కడగాలి.

## పాళీ సవరణ, పాలిష్

పాళీ చీలికలో ఇరుక్కున్న కాగితం నారను తీయడానికి బడి పిల్లలు బ్లేడు ముక్క దూర్చేవారు. బ్లేడు అంచు పాళీ లోపలి గోడలను గీరుతుంది, చీలికను శాశ్వతంగా వెడల్పు చేస్తుంది. 0.05 మిల్లీమీటరు మందం ఉన్న ఇత్తడి రేకు ఆ పనికి సురక్షితమన్నది నేటి సలహా. గరుకుగా రాసే పాళీని సన్నని రుద్దుడు కాగితంతో నునుపు చేయడం మీద మాత్రం రెండు బలమైన వాదాలు ఉన్నాయి. పాళీ కొసన ఉండే గట్టి లోహపు ముద్ద చాలా చిన్నది, అరిగితే తిరిగి రాదు కాబట్టి పనితనం తెలిసినవాళ్లకే వదలాలని ఒకటి. చవక పాళీల మీద నేర్చుకోకపోతే ఈ విద్య అంతరిస్తుందని రెండోది. రెండూ విలువైనవే. పూర్వీకుల పెన్ను మీద నేర్చుకోకూడదన్న షరతు పెడితే అవి కలిసి నడవగలవు.

పాలిష్ తగువు కూడా ఇలాంటిదే. గోధుమరంగుకు తిరిగిన ఎబొనైట్‌ను రుద్దితే నలుపు తిరిగి వస్తుంది. గొట్టం మీద చెక్కిన గీతలు, తయారీదారు పేరు మాత్రం అరిగిపోతాయి. సేకర్తలు ఆ గోధుమరంగును పెన్ను చరిత్రలో భాగంగా చూస్తారు, వాడేవాళ్లు చేతిలో మెరిసే పెన్ను కోరుకుంటారు. నూనె రాసి మెరిపించడం తాత్కాలికం, దుమ్ము పట్టిస్తుంది. ఇత్తడి తోమే పొడిని మాత్రం ఏ వర్గమూ ఒప్పుకోదు.

## తులనాత్మక సారం

- సాదా ఇంకు, రోజువారీ వాడకం: ఇంకు మార్చినప్పుడు నీళ్లతో కడగాలి. విప్పాల్సిన పని లేదు.
- ఐరన్ గాల్ ఇంకు: నెలకోసారి కడగాలి. పేరుకుంటే విటమిన్ సి నీళ్లు. అమ్మోనియా వద్దు.
- పిగ్మెంట్ ఇంకు: రోజూ రాయాలి, లేదా వెంటనే ఖాళీ చేయాలి. ఎండాక నీళ్లతో కరగదు.
- ఎబొనైట్ పెన్ను: చల్లని నీళ్లు, తక్కువసేపు నానడం, చీకటి నిలవ. సగం తగ్గకముందే నింపాలి.
- సెల్యులాయిడ్ పెన్ను: స్పిరిట్ తగలకూడదు, గాలి ఆడాలి.
- కేసిన్ పెన్ను: గొట్టాన్ని నానబెట్టకూడదు, తడి గుడ్డతో తుడిస్తే చాలు.
- రబ్బరు తిత్తి ఉన్న పాత పెన్ను: పెట్రోలియం జెల్లీ, అల్ట్రాసోనిక్ రెండూ వద్దు.

## ఇంకా తేలనివి

కఠిన జలం వల్ల ఏళ్ల తరబడి వాడిన పెన్నుకు ఎంత నష్టమన్నది తేలలేదు. రెండు వైపులా ఉన్నది అనుభవమే, కొలతలు కావు. ఆధునిక ఐరన్ గాల్ ఇంకు స్టీలు పాళీని పదేళ్లలో ఎంత తింటుందన్న ప్రశ్న కూడా అలాంటిదే. ఇంకుకీ ఇంకుకీ ఆమ్లం పాళ్లు వేరు కావడంతో ఒకే జవాబు కుదరదు. వెనకటి ఇంకుల్లో బూజు రాకుండా ఫినాల్ వాడేవారు. ఇప్పుడు విషగుణం తక్కువ ఉన్న పదార్థాలు వాడుతున్నారు. మన ఉక్కపోతలో అవి ఎంతకాలం కాపాడతాయన్నది వాడుకరులు నమోదు చేస్తూ పోతేనే తెలుస్తుంది. ఎండాకాలంలో చిక్కబడిన ఇంకుకు రెండు చుక్కల డిస్టిల్డ్ వాటర్ కలపవచ్చా అన్న దానిమీదా మాట కుదరలేదు. రంగు సరిపోతుందని ఒకరు, బూజును అడ్డుకునే పదార్థం పాలు తగ్గుతుందని మరొకరు అంటారు.

## ముగింపు

ఈ వాదాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక క్రమం తేలుతుంది. పెన్ను మొరాయించినప్పుడు వెనక్కి తీసుకోగల పనితో మొదలుపెట్టాలి. నానబెట్టే హద్దు దాటనంతవరకు నీళ్లు, సమయం, టిష్యూ కాగితం ఏ పెన్నుకూ హాని చేయవు. సబ్బు చుక్క తర్వాతిది. రసాయనం, లాగడం, రుద్దడం ఆ పైవి. అవి చేయబోయే ముందు మూడు ప్రశ్నలకు జవాబు తెలిసి ఉండాలి. లోపల ఉన్నది ఏ ఇంకు, పెన్ను ఏ పదార్థంతో చేసింది, ఎన్నాళ్లుగా ఊరికే ఉంది? ఈ మూడూ అడగకుండా ఇచ్చే సలహా ఎంత అనుభవశాలి నోటినుంచి వచ్చినా సగం సలహానే.

రాజమండ్రి పెన్నుల్లాంటి చేతి పనికి ఈ క్రమం మరీ అవసరం. పాళీ అరిగినా, ఫీడ్ విరిగినా మార్చగల పనివాళ్లు తగ్గిపోతున్నారు. తొందరపాటు మందు పెన్నును పాడుచేస్తే దాన్ని బాగుచేసే చేయి దొరకడం కష్టం. పెన్నుల దుకాణాలు, తయారీదారులు తాము అమ్మే ప్రతి పెన్నుతో పాటు అది ఏ పదార్థమో, ఏ ఇంకు పోయకూడదో, ఎలా విప్పాలో తెలుగులో ఒక చిన్న కాగితం మీద అచ్చువేసి ఇస్తే ఈ చర్చలోని సగం అయోమయం తొలగిపోతుంది. ఖర్చు తక్కువ, ప్రయోజనం తరతరాలది.